మా తోడల్లుడి స్కీలూ, నాలుగు స్ప్రింగులూ

మొన్న డిసెంబరు మూడో వారంలో, క్యారీలోని మా అబ్బాయి ఇంట్లో అందరూ స్కీయింగుకని కొండలకు బయలుదేరుతుంటే, సామాను సర్దడంలో నేనూ ఒక చేయి వేద్దామని ఉత్సాహంగా గరాజులోకి వెళ్ళి, అక్కడ సర్దవలసిందేమీ లేదని తెలుసుకుని కాసేపు చేతులు కట్టుకుని నిలబడ్డాను. స్కీలు, బూట్లు, తలకు పెట్టుకునే హెల్మెట్లు అన్నీ అక్కడి దుకాణంలో కొలతల ప్రకారం సిద్ధంగా ఉంటాయట. వీళ్ళు తీసుకువెళ్ళేది తలా ఒక బట్టల సంచి మాత్రమే. కారు ఎక్కబోతూ మనవరాలు ఆగి, "తాతయ్యా, నువ్వు నిజంగా స్కీ చేశావా? లైక్, రియల్ స్కీయింగ్?" అని అడిగింది. చేయడమే కాదు, ఒకప్పుడు పద్నాలుగు మందికి స్కీలు సిద్ధం చేసి, కట్టి, వ్యాను మీదికి ఎక్కించేవాడినని చెప్పాను. ఆ పిల్ల నా మోకాళ్ళ వంక ఒకసారి చూసి, మర్యాద కొద్దీ తల ఊపి వెళ్ళిపోయింది. ఆ తల ఊపుడులోని అపనమ్మకమే నన్ను ఈ నాలుగు మాటలూ రాయడానికి కూర్చోబెట్టింది. ఆ రోజుల్లో మంచుదేశానికి వచ్చి, ఉన్ని మేజోళ్ళు ఎక్కడ దొరుకుతాయో ఒకరినొకరం అడిగి తెలుసుకున్న నా ఈడు వాళ్ళకైనా ఇవి నమ్మదగ్గవిగా కనిపిస్తాయని ఆశ.

నేను డెబ్బై ఎనిమిదిలో షికాగో పక్కనున్న షామ్‌బర్గ్‌కు వచ్చి, ఒక స్ప్రింగుల కర్మాగారంలో నాణ్యత పరీక్షించే ఇంజనీరుగా చేరాను. స్ప్రింగును నొక్కడం, అది ఎంత బలంతో ఎదురు నొక్కుతుందో కొలవడం, ఉన్నది ఉన్నట్టు కాగితం మీద రాయడం నా పని. రెండో శీతకాలంలో తోటి ఉద్యోగి ఒకాయన నన్ను ఒక గుట్ట మీదికి తీసుకువెళ్ళి, కాళ్ళకు రెండు పొడవాటి బద్దలు తగిలించి కిందికి వదిలినప్పుడు, నన్ను ఆకర్షించింది మంచూ కాదు, వేగమూ కాదు, బూటును స్కీకి పట్టి ఉంచే బైండింగ్ అనే ఆ చిన్న యంత్రం. బూటు మొన దగ్గర ఒకటి, మడమ దగ్గర ఒకటి ఉండే ఆ పట్టులలో ఒక్కొక్క స్ప్రింగు ఉంటుంది. కాలు మెలిపడి ఎముక విరిగే స్థితి వస్తే అది బూటును వదిలివేయాలి; మామూలు కుదుపులకు వదలకూడదు. ఎంత బలానికి వదలాలన్నది మనిషి బరువును బట్టీ, బూటు పొడవును బట్టీ, నేర్పును బట్టీ ఒక పట్టికలో చూసి, స్క్రూ తిప్పి, చిన్న కిటికీలో కనిపించే అంకె దగ్గర నిలపాలి. ఒక కాలి క్షేమం ఒక స్ప్రింగు మీద ఆధారపడి ఉన్నదని తెలిసిన తరువాత నేను ఆ విద్యకు దూరంగా ఉండలేకపోయాను.

ప్రతి అక్టోబరులోనూ దగ్గర్లోని హైస్కూలు వ్యాయామశాలలో పాత స్కీలు అమ్మేవారు. అక్కడ కొన్న వాటిని గరాజులో బెంచి వైస్‌కు బిగించి, అంచులను ఆకురాయితో సాన పెట్టి, అడుగుకు మైనం కరిగించి పట్టించేవాడిని. ఈ మైనం విషయంలో ఒక అపరాధం ఒప్పుకోవాలి. మొదటి ఏడాది ఇంట్లోని ఇస్త్రీ పెట్టెతోనే ఆ పని కానిచ్చి, శుభ్రంగా తుడిచాననే నమ్మకంతో యథాస్థానంలో పెట్టాను. మరునాడు ఆదివారం, చర్చి ఆరాధనకు కట్టుకోవలసిన తెల్లని గంజి చీర మీద మా ఆవిడ ఆ పెట్టెను నడిపేసరికి కొంగు పొడవునా ఎర్రని చార పడింది. కొంచెం వెచ్చని వాతావరణానికి వాడే మైనం ఎర్రగా ఉంటుందని ఆవిడకు చెప్పడానికి అది సమయం కాదని నాకు తోచింది. ఆ సాయంత్రానికి ఇస్త్రీ పెట్టె నాకు శాశ్వతంగా దఖలు పడి, ఇంట్లోకి కొత్తది వచ్చింది.

మా తెలుగు సంఘానికి సొంత చర్చి లేదు. ఒక అమెరికన్ చర్చివారు దయతో ఇచ్చిన నేలమాళిగ హాలులో ఆదివారం మధ్యాహ్నాలు కూడుకునేవాళ్ళం. అందరమూ ఇంచుమించు కోస్తా జిల్లాలవాళ్ళమే. ఎనభై మూడు శీతకాలంలో మా పిల్లలు విస్కాన్సిన్ కొండలకు ఒక స్కీ యాత్ర కావాలని పట్టుబట్టారు. పాస్టరుగారు, ఎవరి కాలూ విరగకుండా తీసుకురాగలనని నేను మాట ఇస్తే సరేనన్నారు. నేను మాట ఇచ్చాను. బైండింగులకు ప్రతివారి బరువూ కావాలి గనుక హాలు వంటగదిలో ఒక తూకం యంత్రం పెట్టాను గానీ, నేను అక్కడ నిలబడి ఉన్నంతసేపూ ఒక్క స్త్రీ కూడా ఆ గుమ్మం తొక్కలేదు. చివరికి మా ఆవిడ నన్ను బయటికి పంపి, చీటీలు రాయించి తెచ్చింది. ఆ చీటీల ప్రకారం మా సంఘంలోని స్త్రీలందరూ చాలా తేలికైనవాళ్ళు. అయితే అది క్షేమకరమైన అబద్ధం. బరువు తక్కువ చెబితే స్ప్రింగు త్వరగా వదులుతుంది, అంతే. ప్రమాదం మగవాళ్ళతో, వాళ్ళు నేర్పు గడిలో లేనిపోని గొప్ప రాస్తారు.

ఇక్కడ మా తోడల్లుడి సంగతి చెప్పాలి. ఆయన మా ఆవిడ అక్కగారి భర్త, నాకంటే ఆరేళ్ళు పెద్ద, నేను అన్నయ్యా అని పిలిచేవాడిని. యంత్రభాగాలు తయారుచేసే ఒక కంపెనీలో పనిచేస్తూ, ముందటి వేసవిలో అందరితోపాటు ఆయన కూడా ఉద్యోగం పోగొట్టుకున్నారు. ఎనిమిది నెలలు ఎవరి ఇంటికీ భోజనానికి రాలేదు, ఆరాధన ముగియగానే వెనుక తలుపు గుండా వెళ్ళిపోయేవారు. ఫిబ్రవరి మొదట్లో మళ్ళీ ఉద్యోగం దొరికింది. రోజంతా నిలబడి చేసే పని, ఆరోగ్య బీమా మాత్రం ఏప్రిల్ ఒకటి నుంచి. మా యాత్ర ఫిబ్రవరి చివరి వారంలో. ఆయన పేరు ఇచ్చారు, వ్యాను నేనే నడుపుతానని కూడా అన్నారు.

ఆ ఆదివారం హాలులో కుర్చీలు మడుస్తుంటే మా వదినగారు నా పక్కకు వచ్చి గొంతు తగ్గించి మాట్లాడారు.

"మరిదిగారూ, ఈయన్ని వద్దనకండి. ఎనిమిది నెలల తర్వాత నిన్న షేవింగ్ చేసుకుంటూ పాట పాడారు. కానీ కాలు విరిగితే ఆస్పత్రి ఖర్చూ మాదే, ఉద్యోగమూ పోతుంది. మీరేం చేస్తారో నాకు తెలీదు, రెండు కాళ్ళతో ఇంటికి తీసుకురండి. నేను అడిగానని మాత్రం ఆయనతో అనకండి."

అలాగేనన్నాను. పట్టిక ప్రకారం ఆయన బరువుకూ, బూటుకూ, తొలి అడుగులు వేసే నేర్పుకూ సరిపోయే అంకె ఐదు. నాలుగు బైండింగు భాగాలనూ ఐదు దగ్గర నిలిపి, యాత్రకు రెండు వారాల ముందు ఒక శనివారం, ముప్పావుగంట దూరంలోని చిన్న గుట్ట మీద అందరికీ సాధన చేయించాను. ఆ రోజు మా తోడల్లుడి స్కీ పదకొండుసార్లు ఊడింది. ఈ సంఖ్య నాది కాదు, పదమూడేళ్ళ వాళ్ళ అమ్మాయిది.

"డాడీ, నీ స్కీ మళ్ళీ వెళ్ళిపోయింది," అని ఆ పిల్ల కొండ వినేలా అరిచింది. "బాబాయ్, దట్స్ లెవెన్!"

"నీ లెక్కలు స్కూల్లో చూపించవే," అన్నారాయన, మంచులో కూర్చునే. పిల్లలందరూ నవ్వారు, ఆయనా నవ్వారు, కానీ టోపీ సరిచేసుకునే మిషతో ముఖం పక్కకు తిప్పుకోవడం నేను గమనించాను.

కారణం అంకె కాదని నాకు తరువాత అర్థమైంది. బూటు అడుగున గడ్డకట్టిన మంచును గీకకుండా ఆయన స్కీలోకి కాలు దూరుస్తున్నారు, అందువల్ల మడమ పట్టు పూర్తిగా కూర్చోవడం లేదు. స్కీ కర్ర మొనతో మంచు గీకడం అందరికీ నేర్పాను. ఆయన విన్నారు, గీకారు కూడా; కానీ పదకొండుసార్లు ఊడిన అవమానానికి ఆయన మనసులో వేరే విరుగుడు అప్పటికే సిద్ధమైంది.

స్కీలన్నీ మా గరాజులోనే ఉండేవి. సాయంత్రాలు ఆయన మైనం పట్టించడంలో సాయానికి వచ్చేవారు. సోమవారం నాడు నేను అలవాటు ప్రకారం అన్ని బైండింగుల కిటికీలూ చూసుకుంటూ పోతే, ఆయన స్కీల మీద నాలుగు చోట్లా ఎనిమిది కనిపించింది. ఎనిమిది అంటే ఏళ్ళ తరబడి ఆడిన బలిష్ఠుడికి తగిన బిగింపు. ఆయన పడితే స్కీ వదలదు, మోకాలో పిక్క ఎముకో వదులుతుంది. ఏమీ అనకుండా ఐదుకు దించాను. బుధవారానికి మళ్ళీ ఎనిమిది. దించాను. గురువారం మళ్ళీ ఎనిమిది. ఇద్దరమూ ఒకే స్క్రూడ్రైవరు వాడుతూ, ఎవరు చేసింది వాళ్ళు దాచుకుంటూ, మధ్యలో టీ తాగుతూ, దేశ రాజకీయాలు మాట్లాడుకుంటూ ఆ వారం గడిపాం. ఒకసారి మాటల సందున, మీ బరువుకు ఐదు సరిగ్గా సరిపోతుంది అన్నయ్యా అని చూశాను.

"ఐదు ఆడపిల్లలకోయ్," అన్నారాయన స్కీ మీద నుంచి తల ఎత్తకుండా. "ఏం, నన్ను చూస్తే నీకు ఐదులా కనిపిస్తున్నానా?"

ఉద్యోగం సంగతీ బీమా సంగతీ ఎత్తి వాదిస్తే వినేవారేమో. కానీ అప్పుడు వదినగారికి ఇచ్చిన మాట పోతుంది, ఎనిమిది నెలల తరువాత పైకి లేచిన మనిషి మళ్ళీ వెనుక తలుపు దారి పడతాడు. రావద్దని చెప్పే చనువూ నాకు లేదు. ఊరుకుంటే కాలు పోతుంది. ఆ రాత్రి అన్నం తింటూ నేను పరధ్యానంగా ఉండడం చూసి, మళ్ళీ ఏ చీర మీద ఏం పడిందని మా ఆవిడ అడిగింది.

మరునాడు కర్మాగారంలో నాకొక ఆలోచన వచ్చింది, వచ్చీ రాగానే సిగ్గు కూడా వేసింది. స్ప్రింగు బలం తీగ మందానికి నాలుగో ఘాతంగా మారుతుంది. మందంలో తొమ్మిదో వంతు మాత్రం తగ్గించి, చుట్లూ కొలతలూ అలాగే ఉంచితే, బలం దాదాపు కచ్చితంగా ఎనిమిదికి ఐదు పాళ్ళకు దిగుతుంది. అంటే కిటికీలో ఎనిమిది కనిపిస్తుంది, లోపల ఐదు పనిచేస్తుంది. లెక్క అంత ముచ్చటగా కుదరడం ఒక ఆనందం; కానీ తప్పు అంకె చూపించే సాధనాన్ని చేజేతులా తయారుచేయడం, కొలతలు సరిచూసి సంతకం పెట్టడమే వృత్తిగా గల నాకు, దొంగసాక్ష్యం చెప్పడంతో సమానం. రెండు రోజులు తర్జనభర్జన పడి, చివరికి స్ప్రింగులు చుట్టే విభాగంలోని పోలండు దేశపు పెద్దాయన దగ్గరికి వెళ్ళాను. ఇలాంటివి ఎందుకని ఆయన అడిగితే, మా ఆవిడ అక్కగారి భర్త ఉన్నాడు, మాట వినడు అన్నాను. తనకూ అలాంటివాడు ఒకడున్నాడని చెప్పి, భోజన విరామంలో నాలుగు స్ప్రింగులు చుట్టి నా చేతిలో పెట్టి, వేరే ప్రశ్న అడగలేదు.

వాటిని లోపల అమర్చి నమ్మకంతో వదిలేసే మనిషిని కాను. బూటులో దిగేలా ఒక కొయ్యకాలు చెక్కి, దానికి మెలి బలాన్ని కొలిచే టార్క్ రెంచి తగిలించి, ఎంత మెలికకు స్కీ బూటును వదులుతుందో ఒక్కొక్క వైపూ పదేసిసార్లు కొలిచాను. పట్టికలో ఐదు దగ్గర ఉండవలసిన విలువకు అటూ ఇటూ నూటికి రెండు పాళ్ళలోపే వచ్చింది. తరువాత కిటికీలో అంకెను ఐదుకు దించి వదిలాను. ఊహించినట్టే, మరుసటి సాయంత్రానికి ఆయన దాన్ని ఎనిమిదికి ఎక్కించారు. ఈసారి నేను దించలేదు. అది చూసి, నేను ఓటమి ఒప్పుకున్నానని తలచి, పాపం ఆయనే టీ కలిపి తెచ్చి ఇచ్చారు.

బయలుదేరవలసిన శుక్రవారం మధ్యాహ్నం గరాజు ముందు సర్దుడు కార్యక్రమం ఇప్పటికీ కళ్ళకు కట్టినట్టు ఉంది. స్కీలను అడుగులు ఒకదానికొకటి ఆనేలా జత చేసి, మధ్యలో గుడ్డ పెట్టి, రెండు చోట్ల రబ్బరు పట్టీలతో బిగించాలి. రోడ్ల మీద చల్లే ఉప్పు తగిలి తుప్పు పట్టకుండా బైండింగులకు బ్రెడ్డు వచ్చే ప్లాస్టిక్ సంచులు తొడగాలి. బూట్లు ఖాళీగా వెళ్ళకూడదు, ఒక్కొక్క దానిలో మేజోళ్ళూ చేతితొడుగులూ కుక్కి, బకిళ్ళు పెట్టేయాలి. ఇండియన్ దుకాణంలో బియ్యం వచ్చే గోనె సంచులను రెండేసి కలిపి వదినగారు మిషను మీద కుట్టిన స్కీ సంచులలో అన్నిటినీ దూర్చి, మొనలు వెనుకవైపుకు ఉండేలా వ్యాను మీద కట్టాం. దారిలో పెట్రోలు బంకు దగ్గర ఒక అమెరికన్, అంత పొడుగు బియ్యం ఎక్కడ పండుతుందని అడిగాడు. బయలుదేరే ముందు పాస్టరుగారు వ్యాను పక్కన నిలబడి చేసిన ప్రార్థనలో చీలమండలు, మోకాళ్ళు, తుంటి కీళ్ళు వరుసగా వచ్చాయి. వైద్య విద్యార్థి ఎవరైనా ఉంటే రాసుకునేవాడు. నేను కళ్ళు మూసుకుని, ఆ నాలుగు స్ప్రింగుల కోసం విడిగా, పేరు చెప్పకుండా, ఒక మాట అడిగాను.

శనివారం మధ్యాహ్నం దాకా మా తోడల్లుడి స్కీ ఒక్కసారీ ఊడలేదు. బూటు అడుగు శుభ్రంగా గీకుతున్నందువల్ల ఊడలేదు; ఆయన మాత్రం ఎనిమిది వల్లనని నమ్మి, నా పక్కనుంచి పోయినప్పుడల్లా కర్ర ఎత్తి చూపించేవారు. మూడు గంటల వేళ, పొడుగాటి వాలు మీద, కూతురు ముందు పోతుంటే అందుకోవాలని ఆయన వదిలారు. వాలు సగంలో కుడి స్కీ మెత్తని మంచులోకి దిగిపోయింది, మనిషి ఎడమకు తిరిగారు, స్కీ తిరగలేదు. నేను పైనుంచి చూస్తున్నాను. మంచు ఒక తెరలా లేచింది. ఆ తెర పడిపోయేదాకా పట్టిన రెండు క్షణాలలో నేను నా జీవితంలోని కొలతలన్నిటినీ అనుమానించాను.

తెర దిగేసరికి ఆయన బోర్లా పడి ఉన్నారు, రెండు స్కీలూ చెరొక వైపూ విడిగా నిలిచి ఉన్నాయి. నేను ఎలా దిగానో తెలియదు. నేను చేరేసరికి కూతురు ఆయన పక్కన మోకాళ్ళ మీద కూర్చుని ఉంది. ఆ పిల్ల అప్పుడు లెక్క చెప్పలేదు. "డాడీ, కాలు కదుపు. ప్లీజ్, కదుపు," అంటోంది. ఆయన కుడికాలు ఎత్తారు, దించారు, ఎడమకాలు ఎత్తారు, దించారు. నోట్లోని మంచు ఉమ్మేసి నా వంక చూశారు.

"చూశావుటోయ్, ఎనిమిది కాబట్టి ఆ పాటికైనా పట్టింది. నీ ఐదైతే ఆ పైనే ఊడిపోయేది."

"నిజమే అన్నయ్యా," అన్నాను. ఆదివారం సాయంత్రం వ్యాను దిగిన ఆయనను వదినగారు గుమ్మంలో నిలబడి పైనుంచి కింది దాకా చూసి, కాళ్ళ దగ్గర చూపు కాసేపు నిలిపి, కాఫీ పెట్టడానికి లోపలికి వెళ్ళిపోయారు.

ఏప్రిల్‌లో బీమా కార్డు వచ్చిన వారం, వేసవికి దాచే ముందు గరాజులో స్కీలకు మైనం పట్టిస్తూ, నేను ఆయనకు అంతా చెప్పాను. వదినగారి సంగతి తప్ప. తప్పుడు కొలతను అంతకంటే ఎక్కువ కాలం మోయడం నావల్ల కాలేదు. ఆయన బైండింగు మూత విప్పించి, స్ప్రింగును వేళ్ళ మధ్య తిప్పి చూశారు.

"అంటే, ఆ రోజు నన్ను వదిలింది ఐదేనా?"

"ఐదే."

"మరి ఈ ఎనిమిది?"

"అది మీ కోసం పెట్టింది అన్నయ్యా."

కోపం వచ్చిందనే అనుకున్నాను. తరువాత బకెట్టు బోర్లించి కూర్చుని, కళ్ళ నీళ్ళు వచ్చేదాకా నవ్వారు. "పెద్ద నీతిమంతుడివనుకున్నానే నిన్ను," అన్నారు. కళ్ళు తుడుచుకుని, పిల్లలతో మాత్రం చెప్పవద్దన్నారు. నేను చెప్పలేదు, విస్కాన్సిన్ కొండ మీద ఎనిమిదో నంబరు బిగింపుతో పడి లేచిన కథ ఆయన తన మనవలకు ఈనాటికీ చెబుతూనే ఉన్నారు. ఆ తరువాత పదిహేనేళ్ళ పాటు, ప్రతి డిసెంబరు మొదటి శనివారం, ఆయనే తన స్కీలు భుజాన వేసుకుని మా గరాజుకు వచ్చి, తలుపు దించమని, తన అసలు బరువు నాకొక్కడికే చెప్పి, ఎంత పెడతావో పెట్టు అని కూర్చునేవారు.

ఇప్పుడు కొండల మీది దుకాణాలలో ఆ పని చేసే కుర్రవాళ్ళు నాకంటే నేర్పరులు, వాళ్ళ యంత్రాలు నా కొయ్యకాలి కంటే ఎన్నో రెట్లు కచ్చితమైనవి. కాళ్ళు ఇప్పుడు మునుపటికంటే క్షేమం, అందుకు నాకు సంతోషమే. అయితే ఒక మనిషి పక్కన వారం రోజులు నిలబడి, ఆయన ఏం దాస్తున్నాడో తెలిసీ తెలియనట్టు టీ తాగే అవకాశం ఆ దుకాణంలో ఉండదు. మేము మంచు పెద్దగా పడని ఈ క్యారీకి వచ్చేశాం, ఆయన షామ్‌బర్గ్‌లోనే ఉండిపోయారు. ఆదివారాలు ఫోను చేస్తాను. మా ఇద్దరికీ ఇప్పుడు మాట్లాడుకోవడానికి ఉన్న అంకెలు షుగరువీ, రక్తపోటువీ. మునుపు ఆయన ఒక అంకె చెప్పగానే వెనుక నుంచి వదినగారు, "కాదు మరిదిగారూ, నూట డెబ్బై," అని అసలు సంగతి అందించేవారు. ఆవిడ పోయి మూడేళ్ళయింది. మొన్న షుగరు ఎంతని అడిగితే నూట పది అన్నారు, వెంటనే, తడుముకోకుండా. చాలా బాగుంది అన్నయ్యా అన్నాను. ఫోను పెట్టేసిన తరువాత, పక్క వీధిలోనే ఉండి ఉంటే ఏదో ఒక వంక మీద వెళ్ళి, ఆయన టీలో పంచదార ఎన్ని చెంచాలు వేసుకుంటున్నారో చూసి వచ్చేవాడిని కదా అనుకుంటూ చాలాసేపు కూర్చున్నాను.